ముల్లు తెలిపిన మర్మము

ఖమ్మము దాటి భద్రాచలము వైపు సాగు అడవులలో, ఎండలు ముదిరినంతనే జనులు తునికాకు కోయుటకు తెల్లవారకమునుపే బయలుదేరుదురు. పాదమున ముల్లు విరుగుట వారికి క్రొత్త కాదు. తీయకున్నచో మరునాటికి ఆ చోటు ఎఱ్ఱబడి వాచును. పిమ్మట చీము పట్టును. ముల్లును తిట్టుకొని ఊరకుందుమే గాని, ఆ వాపు ఏల వచ్చినదని మనము విచారింపము. విచారించినవాడు ఇల్యా మెచ్నికోవ్.

ఆయన 1845లో ఉక్రెయిన్‌లోని ఖార్కోవ్ ప్రాంతమున జన్మించెను. 1869లో లుద్మిలా అను యువతిని వివాహమాడెను. ఆమె అప్పటికే రోగముచే కృశించియుండెను. నడువలేని వధువును కుర్చీలో కూర్చుండబెట్టి చర్చికి మోసికొనిపోయిరి. ఆమెను పీడించినది క్షయ. భార్యను బ్రతికించుకొనవలెనని మెచ్నికోవ్ రేయింబవళ్లు శ్రమించి ధనము కూర్చెను. వెచ్చని ప్రదేశములకు గొనిపోయెను. 1873లో మెదీరా దీవిలో ఆమె కన్నుమూసెను. క్షయక్రిమిని అప్పటికింకను ఎవరును గుర్తింపలేదు. జర్మను వైద్యుడు రాబర్ట్ కాక్ దానిని కనుగొన్నట్లు ప్రకటించినది 1882 మార్చి 24వ తేదీన.

ఆ సంవత్సరముననే మెచ్నికోవ్ రెండవ భార్య ఓల్గాతో ఇటలీలోని మెస్సీనాకు వచ్చెను. ఒకనాడు ఇంటివారు సర్కసులో కోతుల ఆట చూడబోయిరి. ఆయన ఒంటరిగా సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి నక్షత్రచేప పిల్లలను పరిశీలించుచుండెను. అవి గాజువలె స్వచ్ఛములు. లోపల సంచరించు కణములు కంటికి కనబడును. ఇవి దేహమున చొరబడిన శత్రువును పట్టి మ్రింగునేమో యని ఆయనకు తోచెను. వెంటనే తోటలోనికి పోయి గులాబి ముళ్లు తెచ్చి ఆ పిల్లల చర్మము క్రింద గ్రుచ్చెను. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. ఉదయమున చూడగా కణములు ముల్లు చుట్టును మూగియున్నవి! కోతుల ఆట చూచినవారికి ఇంతటి వినోదము దక్కియుండదు.

మన పాదమున వాపు ఆ భక్షక కణముల దండు కూడుటయే. చీములోని పాలు చాలవరకు అట్లు పోరాడి చచ్చిన కణములదే. ఈ మాటను పలువురు జర్మను పండితులు ఎదిరించిరి. 1888లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థ ఆయనకు చోటిచ్చెను. ఆ యేటనే ఆయన క్షయక్రిములను భక్షక కణములలో చూచి, అవి అచ్చట నశించుచున్నవని తలచెను.

కొన్ని నశించును, అన్నియు నశింపవు. భక్షక కణము క్రిమిని మ్రింగి ఒక చిన్న సంచిలో బంధించును. జీర్ణరసములు గల మరియొక సంచి వచ్చి దానితో కలిసినచో క్రిమి చచ్చును. మైనపు కవచము గల క్షయక్రిమి ఆ రెండు సంచులను కలియనీయదు. 1971లో ఆర్మ్‌స్ట్రాంగ్, డార్సీ హార్ట్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు దీనిని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూపిరి. తన్ను చంపవచ్చిన భటుని కడుపులోనే ఆ క్రిమి కాపురముండి సంతానమును పెంచును! అప్పుడు దేహము మరికొన్ని కణములను పేర్చి చుట్టును గోడ కట్టును. దాని నడుమ క్రిమి ఏండ్ల తరబడి నిద్రించియుండి, ఆకలిచేతనో వేరొక రోగముచేతనో దేహము డస్సినప్పుడు బయటపడును. దగ్గు తగ్గినను సాధారణముగా ఆరు మాసములు మందు మ్రింగవలసివచ్చుట ఇట్లు దాగిన క్రిముల వలననే.

లుద్మిలాను బలిగొన్న క్రిమి తాను కనుగొన్న కణములలోనే దాగి బ్రతికెడు ఉపాయమును మెచ్నికోవ్ ఎరుగడు. 1908లో ఆయనకు పాల్ ఎర్లిక్‌తో కలిపి నోబెల్ బహుమానమిచ్చిరి. 1916 జూలైలో పారిస్‌లో ఆయన మరణించెను. చితాభస్మమును పాశ్చర్ సంస్థ గ్రంథాలయమున ఉంచిరి.