రిపేరుకు దారి చూపిన విట్‌వర్త్

మెకానికల్ వాళ్ళకు విట్‌వర్త్ పేరు రెండు చోట్ల తగులుతుంది. ఒకటి, పరీక్షలో బొమ్మ గీసే క్విక్ రిటర్న్ మెకానిజం. రెండోది, వర్క్‌షాప్‌లో ట్యాప్‌ల మీద కనిపించే బి.ఎస్.డబ్ల్యు. అనే అక్షరాలు. మార్కులు వచ్చాక ఆయన్ని మర్చిపోతాం. కానీ హిందూపురం దగ్గర తూముకుంటలోనో, పెనుకొండలోనో, ధర్మవరంలోనో ఒక చిన్న షాపువాళ్ళు అరిగిపోయిన మిల్లింగ్ మెషిన్ హెడ్‌ను విప్పి మళ్ళీ పనిలో పెట్టగలుగుతున్నారంటే, అందులో ఈయన వాటా చాలానే ఉంది.

జోసెఫ్ విట్‌వర్త్ 1803 డిసెంబర్ 21న ఇంగ్లండ్‌లోని స్టాక్‌పోర్ట్‌లో పుట్టాడు. తండ్రి బడిపంతులు. పద్నాలుగేళ్ళ వయసులో బంధువుల నూలుమిల్లులో పనికి చేర్చారు. ఆ మిల్లు వ్యాపారంలోనే స్థిరపడతాడని ఇంట్లోవాళ్ళ ఆశ. ఈయన మనసేమో యంత్రాల మీద పడింది. మగ్గాల ఊరు ధర్మవరం వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, యంత్రం ఆగితే కూలీ కూడా ఆగుతుంది. కొన్నేళ్ళకు మిల్లు వదిలేసి మాంచెస్టర్ వెళ్ళి మామూలు మెకానిక్‌గా చేరాడు. 1825లో లండన్ చేరి, అప్పటికే పేరు మోసిన హెన్రీ మాడ్స్లే షాపులో పనిచేశాడు.

అక్కడ ఆయన్ని పట్టుకున్న ప్రశ్న ఒకటే. నిజంగా చదునైన ఇనుప పలకను తయారు చేయడం ఎలా? కచ్చితమైన మెషిన్ కావాలంటే చదును కావాలి. ఆ చదును రావాలంటే ముందే ఒక కచ్చితమైన మెషిన్ ఉండాలి. మరి మొదటిది ఎక్కడి నుంచి వస్తుంది? అప్పట్లో పలకల మధ్య ఎమరీ పొడి వేసి రుద్దేవారు. పొడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కోసేది. ఒక పలక ఉబ్బి, ఇంకోటి గుంటపడినా, రెండూ కలిపితే చక్కగా అతుక్కునేవి.

విట్‌వర్త్ రెండు పనులు చేశాడు. రుద్దడం ఆపి, పలకకు రంగు పూసి, రెండో పలక తగిలిన ఎత్తుల్ని మాత్రమే స్క్రాపర్‌తో చేత్తో గీకాడు. పలకలు కూడా రెండు కాదు, మూడు తీసుకున్నాడు. మొదటిది ఉబ్బుగా ఉంటే దానికి సరిపోయే రెండోదీ మూడోదీ గుంటగా ఉంటాయి. ఆ రెండు గుంటల్నీ ఎదురెదురుగా పెడితే తప్పు బయటపడుతుంది. మూడూ ఒకదానితో ఒకటి సరిపోయాయంటే అవి చదునుగా ఉన్నట్టే. ఏ మెషినూ లేకుండా, చేతులూ ఓపికతోనే కచ్చితత్వం పుట్టించవచ్చని తేలిపోయింది. 1833లో మాంచెస్టర్‌లో సొంత షాపు పెట్టిన ఆయన, ఈ పద్ధతిని రహస్యంగా దాచుకోకుండా 1840లో గ్లాస్గోలో జరిగిన సభలో అందరికీ వివరించాడు.

మరుసటి ఏడాది మర మీద పడ్డాడు. ఆ రోజుల్లో ఏ షాపు మర ఆ షాపుదే. ఒకరి బోల్టుకు ఇంకొకరి నట్టు పట్టేది కాదు. బోల్టు పోతే చేసినవాడి దగ్గరికే పరిగెత్తాలి. విట్‌వర్త్ ఎన్నో షాపుల బోల్టులు తెప్పించి, కొలిచి, సగటు తీసి 55 డిగ్రీల మరను 1841లో ప్రతిపాదించాడు. క్రమంగా అదే బ్రిటన్ ప్రమాణం అయింది. ఎక్కడో తయారైన మెషిన్‌ను ఇంకెక్కడో బాగుచేసుకునే వీలు అలా పెరిగింది.

1851 లండన్ ప్రదర్శనలో అంగుళంలో పది లక్షల వంతు తేడాను పసిగట్టే కొలత యంత్రాన్ని చూపించాడు. తర్వాత తుపాకుల వైపు కూడా వెళ్ళాడు. ఆరు పలకల గొట్టంతో ఆయన చేసిన రైఫిల్ గురిలో మేటి. బ్రిటిష్ సైన్యం దాన్ని తీసుకోలేదు కానీ, అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సైనికులు మనుషుల్ని చంపడానికి వాడారు. కచ్చితత్వానికి ఆ ముఖం కూడా ఉందని ఆయన జీవితమే చెబుతుంది.

ఇక మన ఊళ్ళ విషయానికొద్దాం. మిల్లింగ్ హెడ్ అరిగితే స్పిండిల్ ఊగుతుంది, కోత మీద గీతలు పడతాయి, జాబ్ రిజెక్ట్ అవుతుంది. అప్పు తెచ్చి షాపు పెట్టుకున్నవాడికి అదే పెద్ద దెబ్బ. కొత్త మెషిన్ అంటే లక్షల మాట. బాగుచేసేవాళ్ళు ముందు బేరింగులు మారుస్తారు, క్విల్ వదులైతే దాని సంగతి చూస్తారు. జారే డవ్‌టెయిళ్ళకూ, హెడ్ కూర్చునే ముఖానికీ బ్లూ పూసి, మచ్చ పడిన చోటల్లా గీకుతారు. మళ్ళీ పూస్తారు, మళ్ళీ గీకుతారు. చివరికి స్పిండిల్‌కు డయల్ బిగించి టేబుల్ మీద చుట్టూ తిప్పి, హెడ్ నిటారుగా ఉందో లేదో చూసుకుంటారు. పనిముట్లు మారినా, మాంచెస్టర్‌లో ఆయన చేసిన పనికీ దీనికీ సూత్రం ఒక్కటే.

1868లో విట్‌వర్త్ తన డబ్బుతో స్కాలర్‌షిప్‌లు పెట్టాడు. చదువూ చేతిపనీ రెండూ తెలిసిన ఇంజనీర్లు రావాలన్నది ఆయన ఆలోచన. అవి ఇప్పటికీ ఇస్తున్నారు. 1887 జనవరి 22న మోంటే కార్లోలో కన్నుమూశాడు.

మన పుస్తకాల్లో స్క్రాపింగ్ గురించి ఉండేది ఒకటి రెండు లైన్లే. అది తెలిసిన పెద్ద మేస్త్రీలు ఇంకా మన మధ్య ఉన్నారు. ఇండస్ట్రియల్ విజిట్ అంటే పెనుకొండ కార్ల ఫ్యాక్టరీ ఒక్కటే కాదు ఫ్రెండ్స్. సెలవుల్లో ఒక్కరోజు అలాంటి మేస్త్రీ పక్కన నిలబడి, స్క్రాపర్ ఎలా పట్టుకోవాలో అడిగి నేర్చుకుందాం. వాళ్ళు షాపు మానేశాక అడగడానికి ఎవరూ ఉండరు.