కశింకోట కుంచె.. బాలలకు కానుక
పట్టుదలకు, సృజనకు నిలువుటద్దం వడ్డాది పాపయ్య జీవితం

నక్కపల్లి: పట్టుదల, సృజన అనే మాటలకు అర్థం పిల్లలకు చెప్పడం పెద్దలకు సులువు కాదు. ఉపదేశంగా చెబితే వారు వినరు. అదే విషయాన్ని కథగా మలచి, పక్కన చక్కని బొమ్మ వేసి చూపితే కళ్లప్పగించి చూస్తారు. అటువంటి బొమ్మల పుస్తకం రాయాలని తలపెట్టే ఉపాధ్యాయులు, రచయితలు కథానాయకుడి కోసం దూరదేశాలు గాలించనక్కరలేదు. నక్కపల్లి నుంచి జాతీయ రహదారి వెంట అనకాపల్లి వైపు సాగితే, ఆ పట్టణానికి ముందే కశింకోట వస్తుంది. తెలుగువారు వ.పా.గా పిలుచుకునే చిత్రకారుడు వడ్డాది పాపయ్య స్థిరపడిన ఊరు అది. పిల్లల పత్రికకు సుదీర్ఘకాలం ముఖచిత్రాలు అందించిన ఆయన బతుకే ఒక బొమ్మల కథ.

ఈ ప్రాంతానికి, పిల్లల ఆటలకు, రంగులకు బంధం పాతదే. నక్కపల్లి పొరుగున ఉన్న ఎస్.రాయవరం మండలంలో, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడి కళాకారులు అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కరంగులద్ది బొమ్మలు చేస్తారు. 1862లో గురజాడ అప్పారావు కళ్లు తెరిచింది కూడా ఆ రాయవరంలోనే. అక్షరానికి, బొమ్మకు పుట్టిల్లయిన ఈ నేలకు వడ్డాది పాపయ్య శ్రీకాకుళం నుంచి వచ్చారు.

తండ్రే తొలి గురువు

పాపయ్య 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో జన్మించారు. తల్లిదండ్రులు మహాలక్ష్మి, రామమూర్తి. తండ్రికి చిత్రలేఖనం తెలుసు. రంగులు కలపడం, కుంచె పట్టడం, గీతను అదుపులో ఉంచడం పసితనంలోనే తండ్రిని చూసి ఆ బాలుడు నేర్చుకున్నాడు.

ఆ రోజుల్లో రాజా రవివర్మ చిత్రాల ముద్రిత ప్రతులు ఇంటింటా గోడలను అలంకరించేవి. 1894లో బొంబాయిలో రవివర్మ స్థాపించిన ముద్రణాలయం పుణ్యమా అని దేవుళ్ల బొమ్మలు సామాన్యుల ఇళ్లకు చేరాయి. ఐదేళ్ల ప్రాయంలో రవివర్మ కోదండరాముడి చిత్రమే పాపయ్యకు స్ఫూర్తినిచ్చిందని చెబుతారు. పెద్దవారి బొమ్మ చూసి మళ్లీ మళ్లీ గీయడం, తప్పు కనిపెట్టడం, తిరిగి దిద్దుకోవడం.. చిత్రకళలో సాధన అంటే ఇదే. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు తెలుగు చిత్రకళకు కొత్త దారి వేసి, చిన్న వయసులోనే 1925లో కన్నుమూశారు. ఆ తరువాతి తరంలో ఎదిగిన పాపయ్య తనదైన బాణీని ఏర్పరచుకున్నారు.

నీటిరంగులతో నిత్య సాధన

పాపయ్య పేరు నీటిరంగులతో ముడిపడి ఉంది. ఈ పద్ధతి చూసేందుకు సుకుమారంగా ఉన్నా చేసేందుకు కఠినమైనది. తైలవర్ణంలో తప్పు జరిగితే పైన మరో పూత వేసి కప్పవచ్చు. నీటిరంగులో ఆ వెసులుబాటు చాలా తక్కువ. తెల్లగా కనిపించవలసిన చోట కాగితాన్ని ముందే వదిలిపెట్టాలి. లేత ఛాయల నుంచి ముదురు ఛాయలకు ఒక్కో పొరగా పోవాలి. తడి ఆరకముందే కుంచె తగిలితే రంగు పాకిపోతుంది. ఓర్పు లేనివారికి ఈ విద్య అబ్బదు.

ఆయన చిత్రాల్లోని వెలుగునీడలు, మంచు తెరల వెనుక కనిపించే కొండలు, పొదలు, పూలతీగలు ఆ ఓర్పుకు ఫలితాలే. విశాలనేత్రాలతో, నిండైన ఆభరణాలతో ఆయన గీసిన స్త్రీమూర్తులు చూడగానే ఎవరి కుంచె నుంచి వచ్చినవో తెలిసిపోతాయి. పురాణ పాత్రలే కాక పల్లెపడుచులు, గిరిజన యువతులు, తెలుగువారి పండుగలు, ఋతువులు, సంగీత రాగాలు సైతం ఆయనకు చిత్రవస్తువులయ్యాయి. వినే రాగాన్ని కనిపించే రంగుగా మార్చడం సాహసమే. సృజన అంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అరుదు.

చందమామ గూటిలో

1947 జులైలో బి.నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి చందమామ మాసపత్రికను తెలుగు, తమిళ భాషల్లో ప్రారంభించారు. స్వాతంత్ర్యం రావడానికి నెల ముందు మొదలైన ఆ పత్రిక తరువాతి కాలంలో పదికి పైగా భాషలకు విస్తరించింది. 1952 నుంచి 1980లో కన్నుమూసే వరకు కొడవటిగంటి కుటుంబరావు దాని సంపాదకత్వ బాధ్యతలు మోశారు. ఎవరు పంపిన కథనైనా పిల్లలకు హాయిగా అర్థమయ్యే తీరున తిరగరాసేవారు. చిత్ర, శంకర్, ఎం.టి.వి.ఆచార్య వంటి చిత్రకారులు ఆ కథలకు రూపమిచ్చారు. విక్రమార్కుడు భుజాన శవంతో, చేత కత్తితో నడిచే బొమ్మ శంకర్‌దే.

ముఖచిత్రాలతో పేరు తెచ్చుకున్న ఆచార్య పత్రికను విడిచిన తరువాత ఆ బాధ్యత పాపయ్య భుజాలపై పడింది. 1960, 70, 80 దశకాల్లో చందమామ అట్టలపై ఆయన కుంచె రాజ్యమేలింది. నెలకొక అట్ట అనుకున్నా, ఏడాదికి పన్నెండు చిత్రాలు. అన్నేళ్లపాటు ప్రతి నెలా గడువు తప్పకుండా కొత్త బొమ్మ ఇవ్వడం ఒక్కనాటి ఉత్సాహంతో జరిగే పని కాదు.

పిల్లల పత్రికకు అట్టబొమ్మ వేయడంలో ప్రత్యేకమైన ఇబ్బందులున్నాయి. పైభాగాన పత్రిక పేరుకు చోటు వదలాలి. దూరంగా దుకాణంలో వేలాడుతున్నా పిల్లవాడి కన్ను దాని మీద పడాలి. చదువు రాని పసివారికీ బొమ్మలోని సంగతి తెలియాలి. పైగా ఒకే అట్టబొమ్మ వేరువేరు భాషల సంచికలపై వచ్చేది. కథలోని మాటలు భాష మారితే మారాయి కానీ బొమ్మకు అనువాదం అక్కరలేకపోయింది. కశింకోటవాసి గీసిన గీత తెలుగు బిడ్డకు ఎలా అర్థమైందో, హిందీ, కన్నడ, మరాఠీ బిడ్డలకూ అలాగే అర్థమైంది.

పెద్దల కోసం కూడా ఆయన కుంచె పనిచేసింది. చక్రపాణి నడిపిన యువ మాసపత్రికలో పాపయ్య చిత్రాల కోసమే సంచిక కొనే పాఠకులు ఉండేవారు. అందులోని రంగుల పుటలను కత్తిరించి, పటాలు కట్టించుకున్న ఇళ్లు తెలుగునాట ఎన్నో. చిత్రాల ప్రదర్శనశాల ముఖం చూడని కుటుంబాలకు ఆ పుటే ప్రదర్శనశాల అయింది.

పేరు కన్నా పనే మిన్న

ఇంతటి కీర్తి వచ్చినా పాపయ్య ప్రచారానికి ఆమడదూరంలోనే ఉండిపోయారు. సభలు, సన్మానాలు ఆయనకు గిట్టేవి కావు. మద్రాసు పత్రికల్లో పేరు మారుమోగుతున్నా కశింకోటతో బంధం తెంచుకోలేదు. చిత్రం మూలన పొందికగా ఇమిడే పొట్టి సంతకమే పాఠకులకు ఆయన పరిచయపత్రం. బొమ్మలను లక్షల మంది చూశారు. బొమ్మలు వేసిన మనిషిని చూసినవారు కొద్దిమంది.

1992 డిసెంబరు 30న, 71 ఏళ్ల వయసులో వడ్డాది పాపయ్య తుదిశ్వాస విడిచారు. ఆయన కాలానికి కశింకోట విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలో అది భాగమైంది. కొత్త జిల్లా తనవారని చెప్పుకోదగిన కళాకారుల్లో ఆయనది ముందువరుస.

పసివారి చేతికి అందేనా..

చందమామ ముద్రణ 2010 దశకంలో నిలిచిపోయింది. పాత సంచికలను కుట్టించి దాచుకున్న తరానికి వయసు మీదపడింది. కాగితం పసుపుబారుతుంది, చెదలు పడుతుంది. పత్రికల్లో అచ్చయిన చిత్రానికి ఉన్న గండం ఇదే. శిల్పంలా అది వందల ఏళ్లు నిలవదు. ఎవరో ఒకరు దాచి, తరువాతివారికి చూపితేనే బతుకుతుంది. అభిమానులు సేకరించి కాపాడుతున్న ప్రతుల వల్లనే వ.పా. రంగులు కొత్త తరం కంటపడుతున్నాయి.

ఆయన జీవితాన్ని పిల్లల బొమ్మల పుస్తకంగా తీర్చేవారికి చందమామ పుటలే మంచి పాఠం. ఏ పుటలో కథ నడుస్తుందో ఆ పుటలోనే దాని బొమ్మ ఉండాలి. బొమ్మలో కనిపించే దాన్ని మళ్లీ మాటల్లో చెప్పకూడదు. వాక్యం చిన్నదిగా, మాట తేటగా ఉండాలి. నీతిని చివరన అంటించనక్కరలేదు. తండ్రి పక్కన కూర్చుని రంగులు కలిపే పసివాడు, గోడ మీది రాముడిని చూసి కాగితం నింపే చేయి, నెలనెలా గడువుతో పందెం వేసే కుంచె, మూలన చిన్న సంతకం.. ఈ నాలుగు దృశ్యాలు వరుసగా చూసిన బిడ్డకు పట్టుదల అంటే ఏమిటో వేరే చెప్పనవసరం లేదు.

బొమ్మలు గీస్తూ కూర్చుంటే చదువు పాడవుతుందని పిల్లల చేతిలోని రంగుపెన్సిలు లాక్కునే ఇళ్లు నేటికీ ఉన్నాయి. శ్రీకాకుళంలోని ఆ ఇంట తండ్రి అలా చేయలేదు. ఆ కొడుకు గీసిన బొమ్మలు మూడు తరాల పిల్లలకు కథల లోకపు తలుపులు తెరిచాయి. పిల్లల కోసం పుస్తకం రాసేవారు మొదటి పుటలో ఆ తండ్రికి కూడా కాస్త చోటివ్వాలి.