శ్రీరామరాజు - సీతారామరాజు

తూర్పు కనుమలలో అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతములను కలుపుకొని 2022లో ఏర్పడిన జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టినారు. ఆంధ్రులకు పూజ్యమైన పేరది. అయితే తల్లిదండ్రులు పెట్టిన పేరు శ్రీరామరాజు. ఆ వీరుడు చేసిన సంతకమును, నాటి ప్రభుత్వ పత్రములలోని వ్యవహారమును ఆ పేరుతోనే కలవు. శ్రీరాముడు సీతారాముడైన తీరు గమనింపదగినది.

అతడు 1897 జూలై 4న విశాఖపట్నం జిల్లా పాండ్రంగిలో, మాతామహుల ఇంట జన్మించినాడు. తండ్రి వెంకటరామరాజుది భీమవరం దాపున మోగల్లు, వృత్తి ఛాయాచిత్రకారుడు. అతడు చిన్నతనముననే గతింపగా తల్లి సూర్యనారాయణమ్మ బిడ్డలను పెంచినది. రామరాజు చదువు ఊరూరా మారి, చివరకు ఆగిపోయినది. తీర్థయాత్రలు చేసి, 1917లో కృష్ణదేవిపేట చేరినాడు. మన్యపు ప్రజలు అతనిలో తపస్విని చూచినారు.

అప్పటికే 1882 నాటి మద్రాసు అటవీ చట్టము పోడు సేద్యమునకు అడ్డుపడినది. గూడెం అధికారి బాస్టియన్ రోడ్డు పనులలో సరియైన కూలి ఈయక గిరిజనులను పీడించినాడు. గాం గంటందొర, మల్లుదొర సోదరులు రామరాజు వెంట నడచిరి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడిచేసి 26 తుపాకులు గైకొనిరి. తీసికొన్న ఆయుధముల లెక్క ఠాణా పుస్తకములో వ్రాసి, రామరాజు స్వయముగా సంతకము చేసినాడు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హైటరు అను అధికారులు హతులైరి. 1924 మే 7న పట్టుబడిన రామరాజును కొయ్యూరులో విచారణ లేకయే కాల్చిచంపిరి. అప్పటికి అతనికి ఇరువదియారేండ్లు.

శత్రువు పుస్తకములో సైతము నిజము వ్రాసిన ఆ మనిషి జీవితమును లోకము తన మనసునకు నచ్చినట్లు వ్రాసికొన్నది. తుపాకిగుండ్లు అతనిని తాకవనిరి. కొయ్యూరులో చనిపోయినది అతడు కాదనిరి. సీత అను కన్యను ప్రేమించి, ఆమె మరణింపగా ఆ పేరును తన పేరులో చేర్చుకొన్నాడనిరి. 1974 నాటి చలనచిత్రము ఈ సీతను ఇంటింటికీ తెచ్చినది. ఆమె ఉన్నట్లు నమ్మదగిన ఆధారము లేదు. అతని చెల్లెలి పేరు మాత్రము సీతమ్మ. సీత లేని రాముని ఊహింపలేని తెలుగు మనసునకు బ్రహ్మచారియైన యోధుడు అసంపూర్ణుడుగా తోచి ఉండవచ్చును.

కల్పిత నాయికకు దొరికిన చోటు నిజమైన స్త్రీలకు దొరకలేదు. భర్తను కోల్పోయి బిడ్డలను పెంచి, పెద్ద కొడుకు మరణమును చూచిన సూర్యనారాయణమ్మ కథలలో ఒక మూల నిలిచినది. పోడులో విత్తి, కలుపు తీసి, అడవి ఫలములు ఏరి ఇల్లు నడిపిన మన్యపు స్త్రీకి అటవీ చట్టము తగిలిన దెబ్బ పురుషునికన్న తక్కువది కాదు. మల్లుదొర చెర అనుభవించి, 1952లో లోకసభకు ఎన్నికైనాడు. అతని పేరు చరిత్రకెక్కినది. అదే కొండలలో ఆ రెండేండ్లు పోలీసు పటాలముల నడుమ బిడ్డలను కాచుకొన్న తల్లుల పేర్లు మాత్రము వీరగాథలలో వెదకినను దొరకవు.