డాక్టరు చామర్సుగారును బీదల పన్నును

స్కాట్లండు దేశమున ఫైఫు మండలమందు ఆన్‌స్ట్రుథరు అను చిన్న రేవుపట్టణము కలదు. 1780వ సంవత్సరము మార్చి 17వ తేదీన థామసు చామర్సుగారు అచ్చట జన్మించిరి. తండ్రి వర్తకుడు, ఇంట పదునలుగురు బిడ్డలు. పదునొకండవ యేటనే ఆయన సెంటు ఆండ్రూసు విశ్వవిద్యాలయమున ప్రవేశించి, గణితశాస్త్రమునందు మిక్కిలి ఆసక్తి గలవారైరి. 1803లో కిల్మనీ గ్రామమునకు బోధకులై వెళ్లినను, మొదటి సంవత్సరములలో వారి మనస్సు సంఘముకంటె లెక్కలమీదనే యుండెను. దీర్ఘమైన జబ్బు వారిని మార్చెను. 1815లో గ్లాస్గో నగరమునకు పిలువబడునప్పటికి వారు వేరు మనిషి.

ఆ కాలమున ఇంగ్లండులో ప్రతి పారిషును, అనగా ఒక్కొక్క దేవాలయము క్రింది ప్రాంతము, తన బీదలను తానే పోషింపవలెను. అందులకై ఇండ్లమీదను భూములమీదను పన్ను కట్టుచుండిరి. 1818లో ఈ పన్ను దాదాపు 80 లక్షల పౌనులకు పెరిగెను. తమ మదింపు హెచ్చని పన్నుదారులు న్యాయాధిపతుల యొద్ద మొరపెట్టుకొనిరి. ఒక దిక్కులేనివాడు ఎవరి పారిషువాడని పారిషులే ఒకదానితో నొకటి వ్యాజ్యమాడెను. స్కాట్లండులో మాత్రము దేవాలయ ద్వారమున పళ్లెములో పడు కానుకలే చాల చోట్ల బీదలకు ఆధారము. అయితే గ్లాస్గోవంటి పెద్ద పట్టణములలో పన్ను అప్పటికే ప్రవేశించెను.

చామర్సుగారికి ఈ పన్ను బొత్తిగా గిట్టదు. చట్టముచే వసూలు చేయబడిన సొమ్ము ఇచ్చువానికి విసుగును, పుచ్చుకొనువానికి సోమరితనమును కలిగించుననియు, బంధువులును ఇరుగుపొరుగువారును తమ బాధ్యతను మరచిపోవుదురనియు వారి యభిప్రాయము. నగరసభవారిని ఒప్పించి, 1819లో సెంటు జాను అను క్రొత్త పారిషును చేపట్టిరి. అందలి జనము సుమారు 10,000. వారిలో నేతగాండ్రును కూలివారును అధికులు. పన్ను సొమ్ము ఒక్క పెన్నీయైనను ముట్టక బీదలను పోషింతునని వారు పూనుకొనిరి. పారిషును 25 భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమునకు ఒక డీకనును నియమించిరి. ఎవరైన సహాయము కోరినచో డీకను ఆ యింటికి స్వయముగా వెళ్లి, పని దొరకునా, కుమారులు అన్నదమ్ములు ఆదుకొందురా అని విచారించి, ఏ దారియు లేనప్పుడే దేవాలయ కానుకలనుండి ఇచ్చుచుండెను. ఏటికి 1,400 పౌనులైన ఖర్చు నాలుగేండ్లలో 280 పౌనులకు దిగెను. లెక్క నేర్చిన బాలురు ఇది అయిదవవంతని వెంటనే గ్రహింతురు.

ఇచ్చటనే చిక్కు వచ్చెను. సెంటు జాను ప్రజలు తమ బీదలను తామే పోషించుకొనుచున్నను, నగరమంతటికి వేయు బీదల పన్నునుండి వారికి మినహాయింపు దొరకలేదు. ఒక చేత్తో పళ్లెములో వేసి, రెండవ చేత్తో ఇతర పారిషుల బీదలకై పన్ను కట్టవలసివచ్చెను. 1823లో చామర్సుగారు సెంటు ఆండ్రూసున ఉపాధ్యాయత్వమునకు వెళ్లినను పద్ధతి మరి పదునాలుగేండ్లు నడచి, 1837లో నిలిచిపోయెను. ఈ రెండింతల భారమే దానికొక ముఖ్యకారణము. ఆ పన్నుదారుల ఫిర్యాదు న్యాయమైనదేయని మేము తలంతుము.

అయినను వేరొక పక్షమును వినవలెను. ఎడింబరో వైద్యులగు డాక్టరు అలిసనుగారు జ్వరపీడితుల యిండ్లలో తిరిగినవారు. ఇరుగుపొరుగువారు కూడ ఆకలితో నున్నచోట ఎవరు ఎవరిని ఆదుకొందురని వారి ప్రశ్న. 1840లో గ్లాస్గోలో జరిగిన విద్వత్సభలో వీరిరువురును ఈ విషయమై వాదించిరి. చామర్సుగారి పద్ధతి వారివంటి మనిషి యున్నచోటనే సాగుననియు, ఖర్చు తగ్గినంతమాత్రమున ఆకలి తగ్గెనని చెప్పజాలమనియు మాకు తోచుచున్నది. 1845లో పార్లమెంటు అలిసనుగారి వైపునకే మొగ్గెను. పారిషు బోర్డులకు పన్ను వేయు అధికారము కలిగెను. సహాయము నిరాకరింపబడిన బీదవానికి షెరీఫు కోర్టుకు పోవు హక్కు వచ్చెను.

చామర్సుగారు అప్పటికి వృద్ధులు. 1843లో ఫ్రీ చర్చి ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షులు వారే. చట్టము తమకు ప్రతికూలమైనను వారు తమ పట్టు విడువలేదు. 1844లో ఎడింబరో నగరమున మిక్కిలి దరిద్రమైన వెస్ట్ పోర్టు పేటను ఎంచుకొని, తోళ్లు పదునుచేయు ఒక పాత కొట్టపు మేడమీద కూటములు పెట్టి, కొద్దిపాటి జీతము పుచ్చుకొని పిల్లలకు బడి నడిపిరి. 1847 ఫిబ్రవరిలో అచ్చట దేవాలయము తెరువబడెను. ఆ మే నెల 31వ తేదీ ఉదయమున ఇంటివారు తలుపు తట్టి లోనికి వెళ్లి చూడగా, వారు పడకయందే ప్రాణము విడిచియుండిరి.