డేనియల్ బి. వెస్సన్

డేనియల్ బెయిర్డ్ వెస్సన్ (మే 18, 1825 - ఆగష్టు 4, 1906) అమెరికాకు చెందిన తుపాకుల తయారీదారుడు. హోరేస్ స్మిత్‌తో కలసి స్మిత్ అండ్ వెస్సన్ సంస్థను స్థాపించాడు. రిమ్‌ఫైర్ తూటాను రివాల్వర్‌లో వాడుకలోకి తెచ్చినవారిలో ఇతడు ముఖ్యుడు. తేలికగా కదిలే ట్రిగ్గర్ గురికి మేలు చేస్తుంది, గట్టి ట్రిగ్గర్ ప్రమాదాన్ని తప్పిస్తుంది. ఈ రెండింటి మధ్య పొత్తు కుదర్చడం ఇతని యాభై ఏళ్ళ కృషిలో ముఖ్యభాగము.

బాల్యము, వృత్తి శిక్షణ

వెస్సన్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్‌లో జన్మించాడు. తండ్రి రూఫస్ వెస్సన్ వ్యవసాయం చేస్తూ నాగళ్ళు తయారు చేసేవాడు. డేనియల్ తన అన్న ఎడ్విన్ వద్ద నార్త్‌బరోలో తుపాకుల పని నేర్చుకున్నాడు. ఎడ్విన్ గురికి పేరు పొందిన రైఫిళ్ళను చేసేవాడు. 1847లో డేనియల్ సింథియా హాస్‌ను వివాహమాడాడు. తుపాకులు చేసుకొని బ్రతికేవానికి పిల్లనివ్వడానికి ఆమె తండ్రి అంగీకరించకపోవడంతో, వారు ఇల్లు విడిచి వెళ్ళి పెళ్ళి చేసుకున్నారు.

1849లో ఎడ్విన్ మరణించాడు. అతని మాదిరి ననుసరించి రివాల్వర్లు చేసిన మసాచుసెట్స్ ఆర్మ్స్ కంపెనీపై శామ్యూల్ కోల్ట్ దావా వేసి, 1851లో గెలిచాడు. పేటెంటు హక్కు ఎంత బలమైనదో వెస్సన్‌కు ఈ విధంగా తొలినాళ్ళలోనే తెలిసివచ్చింది.

స్మిత్‌తో భాగస్వామ్యము

1852లో వెస్సన్, స్మిత్ కనెక్టికట్‌లోని నార్విచ్‌లో కలసి పని మొదలుపెట్టారు. వారు రూపొందించిన మీట పిస్తోలు వ్యాపారపరంగా రాణించలేదు. ఆ హక్కులు 1855లో వోల్కానిక్ రిపీటింగ్ ఆర్మ్స్ కంపెనీకి చేరాయి. తరువాతి కాలంలో ఆ కంపెనీ ఆలివర్ వించెస్టర్ చేతికి వచ్చింది.

అటుపిమ్మట వెస్సన్ దృష్టి తూటాపై నిలిచింది. ఫ్రాన్సు దేశీయుడు ఫ్లోబెర్ 1845లో చేసిన చిన్న తూటా దీనికి ఆధారము. అయితే తూటాను వెనుకనుండి పెట్టాలంటే సిలిండర్‌కు ఈ చివరనుండి ఆ చివరకు రంధ్రము ఉండాలి. ఆ పేటెంటు 1855 నుండి రోలిన్ వైట్ వద్ద ఉన్నది. 1856 నవంబరులో ఒక్కొక్క రివాల్వర్‌కు 25 సెంట్లు చెల్లించే షరతుపై వెస్సన్, స్మిత్ ఆ హక్కును పొందారు. పేటెంటును న్యాయస్థానాలలో కాపాడుకొనే ఖర్చు మాత్రము వైట్‌పైనే పడింది. దావాల ఖర్చు భరించిన వైట్ పేటెంటు గడువు పెంచమని కోరగా, అందుకు సంబంధించిన బిల్లును 1870లో అధ్యక్షుడు గ్రాంట్ తిరస్కరించాడు.

రిమ్‌ఫైర్ తూటా, ట్రిగ్గర్

రిమ్‌ఫైర్ తూటాలో నిప్పు పుట్టించే రసాయనము తూటా అడుగున ఉండే అంచు మడతలో ఉంటుంది. సుత్తి ఆ అంచును సిలిండర్ అంచుకు అదిమి నలిపితేనే తూటా పేలుతుంది. అందుచేత దెబ్బ గట్టిగా పడాలి, సుత్తిని నడిపే స్ప్రింగు బలంగా ఉండాలి. అంచు నలగవలసి ఉన్నందున తూటా రేకు పలుచగా ఉండాలి. ఈ కారణంగానే రిమ్‌ఫైర్ తూటాలు నేడు ఎక్కువగా .22 వంటి చిన్న కొలతలకే పరిమితమైనవి.

1857లో వెలువడిన మోడల్ 1 రివాల్వర్ ఏడు .22 తూటాలను పేల్చేది. దీని ట్రిగ్గర్ చిన్న ముల్లు వలె ఉండేది. చుట్టూ రక్షణ కమ్మీ లేదు. పేల్చేవాడు ప్రతిసారీ బొటనవ్రేలితో సుత్తిని వెనుకకు లాగాలి. స్ప్రింగు బరువు బొటనవ్రేలే మోస్తుంది కాబట్టి, ట్రిగ్గర్ పని సుత్తిని విడిచిపెట్టడం మాత్రమే. అందువలన లాగే దూరము తక్కువ, బలము తక్కువ. అయితే సుత్తిని పట్టి ఉంచే గాటు అరిగితే కొద్దిపాటి స్పర్శకే పేలే ప్రమాదము ఉన్నది. 1861లో వచ్చిన .32 రిమ్‌ఫైర్ మోడల్ 2ను అమెరికా అంతర్యుద్ధ కాలంలో చాలామంది సైనికులు సొంత డబ్బుతో కొనుక్కున్నారు.

బిడ్డల భద్రత

1873లో స్మిత్ విరమించుకొని తన వాటాను వెస్సన్‌కు అమ్మాడు. 1880లో సంస్థ డబుల్ యాక్షన్ రివాల్వర్లను విడుదల చేసింది. వీటిలో ట్రిగ్గరే సుత్తిని ఎత్తి, సిలిండర్‌ను త్రిప్పి, చివరకు సుత్తిని విడుస్తుంది. ఒక్క వ్రేలు ఇన్ని పనులు చేయవలసి ఉన్నందున ట్రిగ్గర్ బరువు బాగా పెరుగుతుంది.

ఒక పసిబిడ్డ ఇంట్లోని రివాల్వర్‌తో గాయపడిన వార్త విని వెస్సన్ కలత చెందాడని చెబుతారు. 1887లో వచ్చిన సేఫ్టీ హ్యామర్‌లెస్ రివాల్వర్‌కు ఇదే ప్రేరణ అని అంటారు. ఇది సెంటర్‌ఫైర్ ఆయుధము. ఇందులో సుత్తి పైకి కనిపించదు. పిడి వెనుక ఉన్న పలకను అరచేతితో నొక్కి, పొడవైన గట్టి ట్రిగ్గర్‌ను లాగితేగాని పేలదు. పసివ్రేళ్ళకు అంత బలము చాలదు. ఈ విధంగా, లోపముగా భావించిన ట్రిగ్గర్ బరువే రక్షణగా మారింది.

నాటి, నేటి ట్రిగ్గర్ల పోలిక

* పాత రిమ్‌ఫైర్ రివాల్వర్లలో భాగాలను చేతితో ఆకురాయి పట్టి అమర్చేవారు. కనుక ట్రిగ్గర్ తీరు ఒక్కొక్క ఆయుధంలో ఒక్కొక్క విధంగా ఉంటుంది. నేటి భాగాలు యంత్రాలపై ఒకే కొలతకు తయారవుతున్నవి.
* నేటి .22 డబుల్ యాక్షన్ రివాల్వర్ ట్రిగ్గర్ సాధారణంగా అదే తరహా సెంటర్‌ఫైర్ కంటె గట్టిగా ఉంటుంది. అంచును నలిపే అవసరము ఇప్పటికీ పోలేదు.
* మోడల్ 1లో దిగి ఉన్న సుత్తి తూటా అంచును తాకుతూ ఉంటుంది. నేటి రివాల్వర్లలో ట్రిగ్గర్ లాగనిదే సుత్తి తూటాను చేరకుండా అడ్డు ఉంటుంది.
* ట్రిగ్గర్‌ను పరీక్షించడానికి పాత రిమ్‌ఫైర్‌ను ఖాళీగా పేల్చరాదు. సుత్తి మొన సిలిండర్ అంచుకు తగిలి సొట్ట పడుతుంది. నల్లమందు కాలపు ఆయుధాలలో నేటి తూటాలు వాడడం ప్రమాదకరము.

చివరి దినములు, ప్రభావము

వెస్సన్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆసుపత్రుల స్థాపనకు ధనసహాయము చేశాడు. 1906లో భార్య సింథియా మరణించిన కొద్ది వారాలకే, ఆగష్టు 4న స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మరణించాడు. తరువాత సంస్థను కుమారులు వాల్టర్, జోసెఫ్ నడిపారు.

మోడల్ 1తో ప్రచారంలోకి వచ్చిన .22 రిమ్‌ఫైర్ కొలత నేటికీ క్రీడలలో నిలచి ఉన్నది. హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో రజత పతకము సాధించిన మహిళల 25 మీటర్ల పిస్టల్ పోటీ ఈ కొలత తూటాతోనే జరుగుతుంది. ఆ పోటీలో ట్రిగ్గర్ బరువు 1000 గ్రాములకు తగ్గరాదు. గురికి, భద్రతకు మధ్య వెస్సన్ వెదకిన పొత్తు ఈ నియమంలోనూ కనిపిస్తుంది.