శ్రీహరికోట పేరు వెనుక చిన్న పలక ముక్క

తిరుపతి జిల్లా తీరంలోని శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి ఎవరి పేరుందో మీ పిల్లల్ని అడగండి. సతీష్ ధావన్! 1920లో శ్రీనగర్‌లో పుట్టారు. అమెరికాలోని కాల్టెక్‌లో 1951లో పూర్తిచేసిన పీహెచ్‌డీలో, గాలి పలకను ఎంత బలంతో రాసుకుపోతుందో కొలిచారు. పలకను తాకిన గాలి దానికి అంటుకుని ఉంటుంది. పైన పరుగెత్తే గాలి ఆ పొరను లాగుతుంటుంది. ఆయన పలకలో చిన్న ముక్కను సన్నని సందుతో విడదీసి, కదిలేలా అమర్చి, ఆ లాగుడును నేరుగా కొలిచారు.

మీ పిల్లలు గీసే ఫ్రీ బాడీ డయాగ్రమ్ కూడా అదే: వస్తువును విడదీసి, దానిపై పనిచేసే బలాలకు బాణాలు వేయడం. నార్మల్ ఫోర్స్ ఉపరితలానికి లంబంగా నెడుతుందే గాని లాగదు. లాగి పట్టేది జిగురు. వాలుతలం మీద కూడా ఆ బాణాన్ని నిట్టనిలువుగా వేసేసి మా క్లాసులో చాలామంది మార్కులు పోగొట్టుకుంటారు!

ధావన్ 1972లో ఇస్రో ఛైర్మన్ అయ్యారు. 2002 జనవరిలో కన్నుమూశారు. ఆ ఏడాదే కేంద్రానికి ఆయన పేరు పెట్టారు.