కార్డు వెనక ఎర్ర అక్షరం

1847లో ఎస్తర్ హౌలాండ్‌కి 19 ఏళ్లు నిండాయి. అంటే మన సెకండియర్ వయసు. ఆ ఏడాదే కాలేజీ చదువు పూర్తయింది, ఆ తర్వాత కొద్దిరోజులకే చేతిలోకి ఒక గ్రీటింగ్ కార్డు వచ్చింది. ఆ ఒక్క కార్డు చూసి ఆమె మొదలుపెట్టిన పని దాదాపు 30 ఏళ్లకు పైగా నడిచింది. అమెరికాలో ఆమెను వాలెంటైన్ కార్డులకి అమ్మ అంటారు. ఆమె కంటే ముందు కూడా అక్కడ అలాంటి కార్డులు అచ్చువేసి అమ్మినవాళ్లు ఉన్నారు, కాబట్టి మొదటి మనిషి ఆమె కాదు. కానీ చేత్తో చేసే కార్డుని వేల సంఖ్యలో ఎలా చెయ్యాలో చూపించింది ఆమే. క్రాఫ్ట్ కథ అనుకుని చదవడం మొదలుపెడితే, మధ్యలో అది ఫ్యాక్టరీ కథ అయిపోతుంది. మనం చదువుతున్నది పటాన్‌చెరు పక్కన కాబట్టి ఆ సగం మనకి ఇంకా బాగా అర్థమవుతుంది.

ఎస్తర్ పుట్టింది 1828 ఆగస్టు 17న, మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ అనే ఊళ్లో. అదే ఏడాది ఆ ఊరిని సముద్రపు రేవుతో కలిపే బ్లాక్‌స్టోన్ కాలువ తెరిచారు. 1835లో బోస్టన్ నుంచి రైలు కూడా వచ్చింది. తీగలు లాగే మిల్లు వచ్చింది, తర్వాత ఇంకా ఎన్నో కార్ఖానాలు వచ్చాయి. అప్పటిదాకా పొలాల మధ్య ఉన్న ఊరు చూస్తుండగానే ఇండస్ట్రియల్ టౌన్ అయిపోయింది. హైవే వచ్చి, బీహెచ్ఈఎల్ వచ్చి, పాశమైలారం, బొల్లారం షెడ్లు వచ్చాక మన చుట్టుపక్కల ఊళ్లు ఎలా మారాయో ఇంట్లో పెద్దవాళ్లని అడిగితే చెప్తారు. దాదాపు అలాంటిదే ఇది కూడా.

నాన్న సౌత్‌వర్త్ హౌలాండ్ ఆ ఊళ్లో పుస్తకాల బైండింగ్, స్టేషనరీ దుకాణం నడిపేవారు. అమ్మ పేరు కూడా ఎస్తరే. ఆమె 1844లో తక్కువ ఖర్చుతో ఇల్లు నడుపుకోవడం మీద ఒక వంటల పుస్తకం రాసింది, దాన్ని నాన్నే అచ్చువేశారు. అంటే కాగితం, జిగురు, కత్తెర, లెక్కలు అన్నీ ఆ పిల్లకి ఇంట్లోనే పరిచయం. అమ్మాయి చేసిన వస్తువు దుకాణంలో అమ్ముడుపోవడం ఆ ఇంట్లో వింత కాదు.

చదివింది మౌంట్ హోలియోక్ అనే ఆడపిల్లల సెమినరీలో. దాన్ని 1837లో మేరీ లయన్ అనే టీచర్ స్థాపించింది. మామూలు ఇళ్ల పిల్లలు కూడా చదవాలని ఫీజు, భోజనం కలిపి ఏడాదికి 60 డాలర్లే పెట్టింది. అంత తక్కువకి హాస్టల్ ఎలా నడుస్తుంది? పనివాళ్లని పెట్టుకోకుండా విద్యార్థినులే పని చేసుకునేవారు. ఒక గుంపు రొట్టెలు కాలుస్తుంది, ఒక గుంపు గిన్నెలు కడుగుతుంది, ఒక గుంపు బట్టలు ఉతుకుతుంది. ఎవరి పని వాళ్లది, పని అయ్యాక క్లాసు. తర్వాత ఎస్తర్ పెట్టిన వర్క్‌షాప్ గురించి చదివినప్పుడు, ఆ లైన్ మొదట ఈ హాస్టల్ వంటింట్లోనే పుట్టి ఉంటుందని నాకు గట్టిగా అనిపించింది.

ఇంకో తమాషా ఉంది. ఎస్తర్ వెళ్లిపోయిన ఏడాదే, అంటే 1847లో, ఎమిలీ డికిన్సన్ అదే సెమినరీలో చేరింది, తర్వాత గొప్ప కవి అయింది. 1848 ఫిబ్రవరిలో ఆమె ఇంటికి రాసిన ఉత్తరం వల్ల మనకి ఒక సంగతి తెలుస్తోంది. వాలెంటైన్ చీటీలు పిచ్చి పని అని, ఎవరూ పంపకూడదని మేరీ లయన్ హాల్లో నిలబడి చెప్పేసిందట. కానీ ఆమె సంగతి ముందే తెలిసిన సీనియర్లు సెలవుల్లోనే రాసి బయట ఇచ్చి ఉంచారు. దాదాపు 150 చీటీలు వెళ్లిపోయాయి. వార్డెన్ ఒకటి చెప్తే హాస్టల్ ఇంకొకటి చెయ్యడం అప్పటినుంచే ఉందన్నమాట. అలాంటి కాలేజీ నుంచి వచ్చిన అమ్మాయి అదే చీటీలని వ్యాపారం చేసింది.

ఎస్తర్ చేతికి వచ్చిన కార్డు ఇంగ్లండ్‌ది. నాన్నతో వ్యాపారం చేసే ఒకాయన పంపాడు. చుట్టూ లేసు, కత్తిరించి అంటించిన పూలు, మధ్యలో చీటీ పెట్టే చిన్న జేబు. లేసు అంటే గుడ్డ లేసు కాదు, కాగితమే. దాన్ని చేసే పద్ధతి బాగుంటుంది. డిజైన్ చెక్కిన ఇనుప అచ్చు మీద కాగితం పెట్టి గట్టిగా నొక్కుతారు. డిజైన్ ఉబ్బుగా పైకి లేస్తుంది. ఆ ఉబ్బుల్ని సన్నటి ఆకురాయితో మెల్లగా రాస్తే అక్కడ కాగితం అరిగి చిల్లులు పడతాయి. మిగిలేది లేసు. 1830ల నుంచి ఇంగ్లండ్‌లో ఇలా చేస్తున్నారు. అమెరికాలో ఇంత మంచివి అరుదు, దొరికినా ఖరీదు ఎక్కువ.

ఆ టైమింగ్ కూడా ముఖ్యం. 1840లో ఇంగ్లండ్ ఒక్క పెన్నీకే ఉత్తరం పంపే పద్ధతి తెచ్చింది. అమెరికాలో 1845లో పోస్టు రేట్లు తగ్గాయి, 1847 జులైలో మొదటి స్టాంపులు వచ్చాయి. ఉత్తరం పంపడం చవకైతేనే కదా కార్డు కొనేది? డేటా రేట్లు తగ్గాక మనం గుడ్ మార్నింగ్ ఫోటోలతో ఫోన్లు నింపేసుకున్నట్టే.

ఎస్తర్ ఆ కార్డుని తిప్పి తిప్పి చూసి, ఇంతకంటే బాగా తను చెయ్యగలను అనుకుంది. నాన్న ద్వారా ఇంగ్లండ్ నుంచి లేసు కాగితం, న్యూయార్క్ నుంచి రంగుల బొమ్మలు తెప్పించుకుంది. ఓ డజను శాంపిల్స్ చేసింది. ఆమె అన్న దుకాణం సరుకుకి ఆర్డర్లు తేవడానికి ఊళ్లు తిరిగేవాడు, ఆ శాంపిల్స్ అతని పెట్టెలో పెట్టింది. ఓ 200 డాలర్ల ఆర్డర్లు వస్తే చాలనుకుంది. అన్న 5000 డాలర్లకి పైగా ఆర్డర్లతో తిరిగొచ్చాడు. 25 రెట్లు!

ఇక్కడే అసలు సమస్య. సంతోషం ఒక్క రోజు ఉంటుంది, తర్వాత ఆ కార్డులు చెయ్యాలి కదా. ఒక్క మనిషి కత్తెర పట్టుకుని కూర్చుంటే ఫిబ్రవరి 14 దాటిపోతుంది. ఆ రోజు దాటిన కార్డు సంక్రాంతి దాటిన పతంగి లాంటిది, ఎవరూ కొనరు.

ఎస్తర్ స్నేహితురాళ్లని పిలిచింది. సమ్మర్ స్ట్రీట్‌లోని వాళ్ల ఇంటి పైఅంతస్తులో పొడుగు బల్ల వేసింది. ఒకమ్మాయి బొమ్మలు కత్తిరిస్తుంది. పక్కనమ్మాయి అడుగు కాగితాలు సిద్ధం చేస్తుంది. ఇంకొకరు లేసు అంటిస్తారు, ఇంకొకరు పూలు అమరుస్తారు. కార్డు బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లేసరికి పూర్తవుతుంది. మోడల్ కార్డు ఎస్తర్ చేస్తుంది, చివర్లో ప్రతి కార్డూ ఆమె చూస్తుంది. 1850 ఫిబ్రవరిలో వూస్టర్ పేపర్లో మొదటి ప్రకటన వేసింది. హెన్రీ ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో కదిలే లైన్ వచ్చింది 1913లో. ఎస్తర్ బల్ల మీద బెల్టు లేదు, మోటారు లేదు, కానీ ఆలోచన అదే. కంప్యూటర్ ఆర్గనైజేషన్‌లో పైప్‌లైనింగ్ చదివినవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది. ఒక కార్డుకి పట్టే టైం తగ్గదు, గంటకి బయటికొచ్చే కార్డులు పెరుగుతాయి.

బల్ల కూడా చాలకపోయేసరికి ఇంకో పద్ధతి పెట్టింది. ఒక పెట్టెలో శాంపిల్ కార్డు, దానికి కావాల్సిన కాగితాలు, బొమ్మలు అన్నీ సర్ది ఇళ్లకి పంపేది. ఇంటి దగ్గరే ఉండాల్సిన ఆడవాళ్లు పనుల మధ్యలో చేసిపెట్టేవారు. వారం తర్వాత బండి వచ్చి తయారైన కార్డులు తీసుకెళ్లేది. ఇది చదివితే మన మెదక్, సిద్దిపేట వైపు వాళ్లకి ఏం గుర్తొస్తుంది? బీడీలే. కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు, దారం తెచ్చుకోవాలి, ఇంట్లో కూర్చుని చుట్టాలి, కట్టలు కట్టి తిరిగి ఇవ్వాలి. వస్తువు వేరు, పద్ధతి ఒకటే. ఎస్తర్ పనివాళ్లకి మంచి కూలీ ఇచ్చేదని ఆమె గురించి రాసినవాళ్లు చెప్తారు. అయినా ఆ వస్తువు కొన్నవాళ్లకి చుట్టిన చెయ్యి, అంటించిన చెయ్యి ఎవరిదో తెలియదు. ఈ విషయానికి మళ్లీ వస్తాను.

ముందు కార్డు సంగతి. ఎస్తర్ కార్డుల్లో అందం అంతా పొరల్లో ఉంటుంది. తెల్ల లేసు కింద ముదురు రంగు మెరుపు కాగితం చిన్న ముక్క పెట్టేది. లేసు చిల్లుల్లోంచి ఆ ఎరుపో నీలమో కనిపిస్తే డిజైన్ ఒక్కసారి లేచినట్టుంటుంది. ఇంకోటి, పొరకీ పొరకీ మధ్య జిగ్‌జాగ్‌గా మడిచిన కాగితం పట్టీలు పెట్టేది. అవి స్ప్రింగుల్లా పనిచేసి పైపొరని కొంచెం ఎత్తులో నిలబెడతాయి. కవర్లో పెడితే అణిగిపోతాయి, తీస్తే లేస్తాయి. మీరూ చేసి చూడొచ్చు. చార్ట్ పేపర్ పట్టీ ఒక సెంటీమీటర్ వెడల్పున కత్తిరించి, ముందుకీ వెనక్కీ నాలుగైదు మడతలు పెట్టి, ఒక చివర కార్డుకి, ఒక చివర పైబొమ్మకి అంటించండి. మైదా లై అయినా ఫెవికాల్ అయినా కొంచెమే రాయాలి, లేకపోతే మడతలన్నీ అతుక్కుపోతాయి. మూడో పొరకే కార్డు చిన్న రంగస్థలంలా కనిపిస్తుంది.

కవితని ఆమె పైన వెయ్యలేదు, లోపల ఒక చిన్న కాగితం మీద అంటించింది. కొనేవాళ్లందరికీ ఒకే మాట నచ్చదు కదా. అందుకని 1879లో ఆమె కంపెనీ కవితల పుస్తకం ఒకటి అచ్చువేసింది. 131 చిన్న కవితలు, రకరకాల సైజుల్లో. కార్డు నచ్చి కవిత నచ్చకపోతే, పుస్తకంలోంచి ఇంకోటి ఎంచుకుని కత్తిరించి దాని మీద అంటించుకోవచ్చు. డిజైన్ వేరు, కంటెంట్ వేరు. మనం వెబ్ డెవలప్‌మెంట్‌లో ఏదో కొత్తగా నేర్చుకున్నట్టు ఫీలయ్యే సంగతి ఆమె కత్తెర, జిగురుతో చేసేసింది.

1870లో ఆమె వ్యాపారం న్యూ ఇంగ్లండ్ వాలెంటైన్ కంపెనీ అయింది. తర్వాత ఇంట్లోంచి మెయిన్ స్ట్రీట్‌లోని ఫ్యాక్టరీకి మారింది. ఏడాదికి లక్ష డాలర్ల వ్యాపారం చేసేదని చెప్తారు. అప్పటికి అమెరికాలో ఆడవాళ్లకి జాతీయ స్థాయిలో ఓటు కూడా లేదు, అది 1920లో వచ్చింది. 1880 ప్రాంతంలో నాన్నకి ఆరోగ్యం పాడైంది. చూసుకోవడానికి ఎస్తర్ వ్యాపారం వదిలేసింది. అదే ఊరి జార్జ్ విట్నీకి కంపెనీ అమ్మేసింది. విట్నీ కంపెనీ మెషీన్లు పెట్టి, లేసు కాగితం కూడా ఇంగ్లండ్ నుంచి తెప్పించకుండా తనే అచ్చు కొట్టుకుని పెద్దదైంది. రెండో ప్రపంచ యుద్ధంలో కాగితం కరువొచ్చి 1942లో మూతపడింది. ఎస్తర్ పెళ్లి చేసుకోలేదు. 1904 మార్చి 15న క్విన్సీలో చనిపోయింది. ఇప్పుడు అమెరికా గ్రీటింగ్ కార్డు కంపెనీల సంఘం ఇచ్చే ఒక అవార్డుకి ఆమె పేరు పెట్టారు.

ఇప్పుడు వదిలేసిన విషయానికి వస్తాను. ఎస్తర్ చేయించిన కార్డుల వెనక ఎర్ర రంగులో చిన్న హెచ్ అక్షరం ఉంటుంది. హెచ్ అంటే హౌలాండ్. కలెక్షన్లు చేసేవాళ్లు ఆ అక్షరం చూసే కార్డుని గుర్తుపడతారు. కానీ ఆ కార్డు మీద నలుగురైదుగురు ఆడవాళ్ల వేళ్లు పనిచేశాయి. లేసు వంకర పోకుండా అంటించిన మనిషికి అక్షరం లేదు.

అయితే ఎస్తర్‌ది మోసమా? నాకు అలా అనిపించదు. డిజైన్ ఆమెది, రిస్క్ ఆమెది, చివరి చూపు ఆమెది. ఆమె ఆ బల్ల వెయ్యకపోతే ఆ ఆడవాళ్ల చేతికి సొంతంగా ఆ డబ్బు వచ్చేది కాదు. కానీ చేత్తో చేసింది అనే మాట విన్నప్పుడల్లా మనం ఒక చెయ్యినే ఊహించుకుంటాం, అక్కడ మాత్రం తేడా ఉంది. బల్ల చుట్టూ చాలా చేతులు ఉన్నాయి. పొద్దున షిఫ్టు టైంలో ఇస్నాపూర్ చౌరస్తాలో షేర్ ఆటోల్లో దిగే ఆడవాళ్లని మనం రోజూ చూస్తాం. మందుల కంపెనీల ప్యాకింగ్ లైన్లలో పనిచేసేవాళ్లు ఉంటారు వాళ్లలో. డబ్బా మీద కంపెనీ పేరు ఉంటుంది, బ్యాచ్ నంబర్ ఉంటుంది.

మనం సాఫ్ట్‌వేర్ వాళ్లం కూడా రేపు ఇలాంటి బల్ల దగ్గరే కూర్చుంటాం, కాకపోతే అది ఏసీలో ఉంటుంది. మన కోడ్ మీద కూడా ఇంకొకరి అక్షరమే ఉంటుంది. కనీసం గిట్‌లో ఎవరు ఏ లైను రాశారో చూసే వీలుంది, ఎస్తర్ బల్ల దగ్గర అది కూడా లేదు.

ఈసారి ఫ్రెషర్స్ డేకో ఫేర్‌వెల్‌కో రూంలో నలుగురు కూర్చుని కార్డులు చేస్తే, ఒకరు కత్తిరిస్తారు, ఒకరు అంటిస్తారు, ఒకరు తెలుగులో రెండు లైన్లు రాస్తారు. ఇచ్చేటప్పుడు వెనక్కి తిప్పి నలుగురి అక్షరాలూ చిన్నగా వెయ్యండి. ఎర్ర ఇంకు అయితే ఇంకా మంచిది. ఎస్తర్ దగ్గర నేర్చుకోవాల్సింది పొరలు, స్ప్రింగులు, లైను. ఆమె వదిలేసింది ఆ మిగతా అక్షరాలు. వాటికి కార్డు వెనక చోటు సరిపోతుంది.